లోకల్ అంటే ఎవరు?

ఎప్‌సెట్ సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు మీ అందరికీ గుర్తుండే ఉంటది. ర్యాంక్ కార్డు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, వాటి కింద బోనఫైడ్ల కట్ట. ఏ తరగతి ఏ ఊళ్లో చదివామో చెప్పే ఆ కాగితాలను మనం పెద్దగా పట్టించుకోం. నాకైతే రెండు నిమిషాల్లో పనైపోయింది. టెన్త్ దాకా బోథ్, ఇంటర్ ఆదిలాబాద్. నా పేరు పక్కన "లోకల్" అని పడింది, బయటికి వచ్చేసిన.

నా వెనకాలే మా బావ ఉన్నాడు. టెన్త్ దాకా కిన్వట్‌లో చదివి ఇంటర్‌కి ఆదిలాబాద్ వచ్చాడు. తెలుగు, మరాఠీ రెండూ గడగడా మాట్లాడతాడు. వాళ్లింట్లో పండుగైనా మా ఇంట్లో పండుగైనా అందరం ఒక్క దగ్గరే ఉంటాం. అతనికి "నాన్ లోకల్" అని పడింది. మా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడున్నాడు. వాళ్ల నాన్న రాజస్థాన్ నుంచి వచ్చి ఆదిలాబాద్‌లో షాపు పెట్టుకున్నాడు. వాడు తొమ్మిదో తరగతి నుంచి ఇక్కడే చదివాడు. నాలుగేళ్లు నిండాయి కాబట్టి వాడు లోకల్.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెప్తే నానమ్మ నవ్వింది. ఆమె పుట్టిల్లు ఇస్లాపూర్. ఇప్పుడది మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లాలో ఉంది. "నేను పుట్టినప్పుడు ఇస్లాపూర్ మన బోథ్ తాలూకానే బిడ్డా. మా ఇల్లు ఆడనే ఉండె, సర్కారే మారింది" అన్నది.

ముసలామె మాట కదా అని నేను నమ్మలేదు. వెతికి చూస్తే అక్షరాలా నిజం. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్ తాలూకా, రాజురా తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ తీసి అప్పటి బొంబాయి రాష్ట్రంలో కలిపింది. నాందేడ్ జిల్లాలో ఉన్న ముథోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లను ఇటువైపు ఇచ్చింది. 1 నవంబర్ 1956 నుంచి అది అమల్లోకి వచ్చింది. చట్టంలో ఒక్క లైను. ఆ లైనుకి అటు మా బావ, ఇటు నేను.

ఆ రోజు నుంచి నాకో డౌటు పట్టుకుంది. "నేను తెలంగాణోణ్ని" అని మనం గుండె మీద చెయ్యి పెట్టి చెప్పుకుంటాం కదా, ఆ "నేను"లో భాష ఎంత, ఊరు ఎంత, చట్టం ఎంత? వెతికిన కొద్దీ చట్టం వాటా నేననుకున్న దానికంటే చాలా ఎక్కువని తెలిసింది. అది మూడు వెర్షన్లలో వచ్చింది.

మొదటి వెర్షన్: ముల్కీ

ముల్క్ అంటే దేశం. ముల్కీ అంటే ఈ దేశపోడు. నిజాం హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ ఉద్యోగాలు బయటి నుంచి వచ్చినవాళ్లకు పోతున్నాయని 19వ శతాబ్దం నుంచే గొడవ ఉంది. 1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ముల్కీ రూల్స్ గట్టిపడ్డాయి. రాజ్యంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ అయి ఉండాలి. పుట్టుకతో హైదరాబాద్ ప్రజ అయితే ముల్కీ. బయటివాడైనా పదిహేనేళ్లు ఇక్కడ ఉండి, సొంతూరికి తిరిగిపోయే ఆలోచన వదులుకున్నానని రాసిస్తే ముల్కీ.

ఇక్కడ భాష ప్రసక్తే లేదు, గమనించారా? అప్పటి హైదరాబాద్‌లో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలున్నాయి. ఔరంగాబాద్ మరాఠీ ఆయనా, గుల్బర్గా కన్నడ ఆయనా, బోథ్ గోండు ఆయనా అందరూ ముల్కీలే. ఆ లెక్కన మా నానమ్మ వాళ్ల నాన్న, మా ముత్తాత ఇద్దరూ ఒకే ఖాతా.

1948లో హైదరాబాద్ భారత్‌లో కలిసింది. కానీ ముల్కీ అనే మాట పోలేదు. 1952లో బయటివాళ్లకు ఉద్యోగాలిస్తున్నారని వరంగల్‌లో విద్యార్థులు కదిలారు. "నాన్ ముల్కీ గో బ్యాక్" అన్నారు. సెప్టెంబర్‌లో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. రాజు పోయాడు, రాజ్యం పోయింది, రాజు రాసిన సర్వీస్ రూల్లోని మాట మాత్రం జనం నోట్లో నినాదమైంది.

రెండో వెర్షన్: కోర్టులో ముల్కీ

1956లో రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. కలిసే ముందు ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ ఉద్యోగాలకు రక్షణ ఇస్తామని మాటిచ్చారు. దాంతో ముల్కీ అంటే ఇక తెలంగాణవాళ్లే అన్న అర్థం స్థిరపడింది. మరాఠ్వాడా, కన్నడ ముల్కీలు లెక్కలోంచి జారిపోయారు.

అసలు చిక్కు రాజ్యాంగంలో ఉంది. ఆర్టికల్ 16 ప్రకారం ఎక్కడ ఉంటున్నావన్న కారణంతో ప్రభుత్వ ఉద్యోగం కాదనకూడదు. అదే ఆర్టికల్ మూడో క్లాజు మాత్రం పార్లమెంటు కావాలంటే నివాస నిబంధన పెట్టొచ్చు అంటుంది. ఆ క్లాజు ఆధారంగా పార్లమెంటు 1957లో చట్టం చేసి, తెలంగాణలో కొన్ని ఉద్యోగాలకు పదిహేనేళ్ల నివాసం ఉండాలంది.

ఆ రక్షణలు సరిగ్గా అమలు కావట్లేదని 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల దగ్గర మొదలైన ఆందోళన మొత్తం తెలంగాణకు పాకింది. సరిగ్గా ఆ మంటల మధ్య, 28 మార్చి 1969న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని తెలంగాణ భాగాన్ని కొట్టేసింది. కారణం ఒక్క మాట. రాజ్యాంగం "రాష్ట్రంలో నివాసం" అంది, రాష్ట్రంలో ఒక భాగంలో నివాసం అనలేదు. మనం కోడ్‌లో ఒక వేరియబుల్ స్కోప్ తప్పుగా రాస్తే ప్రోగ్రామ్ కూలినట్టు, ఒక్క పదం పరిధి మీద చట్టం కూలింది. తేడా ఏందంటే ఇక్కడ బయట పిల్లలు తూటాలకు ఎదురు నిలబడి ఉన్నారు. ఆ ఏడాది ఎందరో విద్యార్థులు చనిపోయారు.

కథ అక్కడ ఆగలేదు. 3 అక్టోబర్ 1972న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. పార్లమెంటు చట్టం పోయినా, రాజ్యాంగం కంటే ముందు నుంచి ఉన్న పాత ముల్కీ రూల్స్ మాత్రం ఆర్టికల్ 35 కింద బతికే ఉన్నాయంది. ఈసారి కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. "మా రాజధానిలో మేమే పరాయివాళ్లమా?" అని అక్కడి విద్యార్థులు జై ఆంధ్ర అన్నారు. అక్కడా కాల్పులు, అక్కడా చావులు. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. రెండు తీర్పులు, రెండు ఉద్యమాలు. ఇద్దరూ అడిగింది ఒకటే: నా సొంత చోట నాకు చోటుందా?

మూడో వెర్షన్: స్కూలే సాక్షి

సెప్టెంబర్ 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ రూల్స్ రద్దయ్యాయి. 32వ సవరణతో రాజ్యాంగంలో ఆర్టికల్ 371డి చేరింది. దాని కింద 1974లో కాలేజీ సీట్లకు, 1975లో ఉద్యోగాలకు రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. మనం వెరిఫికేషన్‌లో చూపించే బోనఫైడ్ల అసలు అడ్రస్ ఇదే. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల పరిధులు మూడు లోకల్ ఏరియాలయ్యాయి, 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు అన్నారు.

నాకు ఆశ్చర్యంగా అనిపించిన మార్పు ఇక్కడుంది. ముల్కీకి పుట్టుక, తండ్రి, ఎన్నేళ్ల నివాసం అన్నవి ఆధారాలు. కొత్త లోకల్‌కి ప్రధాన ఆధారం బడి. మీ తాత ఎవరు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని ఎవరూ అడగరు. వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావు? అంతే. అందుకే రాజస్థాన్ నుంచి వచ్చిన నా ఫ్రెండ్‌కి ఇక్కడ చోటు దొరికింది. ఒక రకంగా ఇది చాలా ఉదారమైన రూలు. రక్తం చూడదు.

కానీ అదే రూలు మా బావని చూడలేదు. ఇంకో తమాషా వినండి. 2018లో తెలంగాణకి వచ్చిన కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ప్రభుత్వ ఉద్యోగాల్లో లోకల్ అంటే ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఇక్కడ చదివినవాళ్లు. 95 శాతం పోస్టులు వాళ్లకే. అంటే నా రాజస్థాన్ ఫ్రెండ్ ఇంజినీరింగ్ సీటుకి లోకల్, రేపు గ్రూప్స్ రాస్తే నాన్ లోకల్. మనిషి మారలేదు, క్వెరీ మారింది.

నంబర్లే నినాదాలు

371డి కాగితం మీద బాగానే ఉన్నా అమలు సరిగ్గా జరగలేదు. 30 డిసెంబర్ 1985న ఎన్.టి.ఆర్. ప్రభుత్వం జీవో 610 ఇచ్చింది. రూల్స్‌కి విరుద్ధంగా తెలంగాణ పోస్టుల్లో చేరినవాళ్లను వెనక్కి పంపాలని దాని సారం. అదీ సరిగ్గా అమలు కాలేదు. ఆ తర్వాత "610" అనేది ఊళ్లల్లో చదువురాని వాళ్లకూ తెలిసిన నంబరైంది. 2009 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసు ఉద్యోగాలకు జోన్ రూల్ వర్తించదని సుప్రీంకోర్టు అంటే, అందుకు కారణమైన 14(ఎఫ్) క్లాజు మీద మళ్లీ ఉద్యమం లేచింది. నవంబర్‌లో కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన, చివరికి ఆర్టికల్ 3 కింద పార్లమెంటు చేసిన చట్టంతో 2 జూన్ 2014న తెలంగాణ. ఒక ఫర్మానా, ఒక ఆర్టికల్, ఒక జీవో, ఒక క్లాజు. భాష, యాస, బతుకమ్మ మనల్ని కలిపి ఉంచాయి, కాదనను. కానీ మనకు అన్యాయం జరిగిందని నిరూపించడానికి దొరికిన మాటలు మాత్రం చట్టం పుస్తకంలోవే.

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. మనలో సగం మంది ఎమ్మెస్‌కి పోదామనుకునే అమెరికా ఇంకా పెద్ద ఉదాహరణ. 1787లో రాసుకున్న రాజ్యాంగాన్నే ఆ దేశం తన గుర్తింపుగా చెప్పుకుంటుంది. కానీ అందులో "ప్రజలు" అంటే ఎవరన్నది కోర్టులే తేల్చాల్సి వచ్చింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివాళ్లు పౌరులు కారంది అక్కడి సుప్రీంకోర్టు. అంతర్యుద్ధం తర్వాత, 1868లో 14వ సవరణ అక్కడ పుట్టినవాళ్లంతా పౌరులే అంది. 1898లో చైనా తల్లిదండ్రులకు శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో కోర్టు దాన్నే నిలబెట్టింది. డల్లాస్‌లో మన తెలుగువాళ్లకు పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు వచ్చింది ఈ దారిలోనే. 2025లో అక్కడి ప్రభుత్వం ఆ హక్కును కుదిస్తూ ఆర్డర్ ఇస్తే వ్యవహారం మళ్లీ కోర్టుకే చేరింది. వాళ్ల ప్రశ్న ఎక్కడ పుట్టావు, మన ప్రశ్న ఎక్కడ చదివావు. రెండు చోట్లా జవాబు మీద జీవితాలు ఆధారపడి ఉన్నాయి.

మరి లోకల్ రూలు తీసెయ్యాలా? నేనైతే అనను. బోథ్ సర్కారు బడి నుంచి వచ్చినవాడు కోచింగ్ సెంటర్ల ఊళ్ల పిల్లలతో ఓపెన్‌గా పోటీ పడితే ఏమైతదో నాకు తెలుసు. ఆ 85 శాతంలో నా సీటు కూడా ఉంది. కానీ బార్డర్ ఊళ్ల కోసం ఒక చిన్న మినహాయింపు ఆలోచించొచ్చు కదా? ముల్కీని లోకల్ చేసినవాళ్లు మనుషులే. నాలుగేళ్లని రాసింది కూడా మనుషులే.

బావ ఇప్పుడు నాందేడ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అక్కడ ఇంటర్ తెలంగాణలో ఎందుకు చదివావని అడిగారట. సెలవుల్లో ఇద్దరం బోథ్‌లోనే కలుస్తాం. నానమ్మ ఇద్దరికీ ఒకే పళ్లెంలో జొన్నరొట్టె పెడ్తది.

మీ ఫైల్లో ఉన్న బోనఫైడ్లు ఒకసారి తీసి చూడండి. మీ ఇంట్లో పెద్దవాళ్లను వాళ్ల ఊరు అప్పుడు ఏ తాలూకా, ఏ జిల్లా, ఏ రాష్ట్రమో అడగండి. మీకు దొరికిన జవాబు క్లబ్‌కి రాసి పంపండి.