పగడాల మీద మేట

మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో చాలాచోట్ల పైమట్టి తీస్తే చాలు, పలకలు పలకలుగా సున్నపురాయి బయటపడుతుంది. కోదాడ నుంచి ఆ దారిన వెళితే సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపించేది అందుకే. ఫణిగిరి కొండమీద బౌద్ధ శిల్పులు తోరణాలు చెక్కిందీ సున్నపురాతిలోనే. ఈ నేల ఒకప్పుడు సముద్రపు అడుగు. అది యాభై కోట్ల ఏళ్లకు పైబడిన సంగతి. అప్పటికి ఇప్పటి పగడాలు పుట్టలేదు. ఆ లోతులేని నీళ్లలో సున్నం పేరుకోవడానికి తోడ్పడినవి కంటికి ఆనని సూక్ష్మజీవులు. వెన్నెముక లేదు, కన్ను లేదు, పేరు పెట్టేవాళ్లు లేరు. అయినా మన మిర్యాలగూడ ఇళ్ల గోడల్లో వాటి కాలపు సున్నం ఎంతో కొంత ఉండే ఉంటుంది.

ఇవాళ లోతులేని వెచ్చని సముద్రాల్లో ఆ పని ఎక్కువగా పగడాలు చేస్తున్నాయి. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రటి పూస కాదు; అది వేరే జాతి. దిబ్బలు కట్టే రాతి పగడం ఒక మెత్తటి చిన్న జీవి. పేరు పాలిప్. చాలా జాతుల్లో గోటిమీద పట్టేంత ఉంటుంది. నోటి చుట్టూ సన్నని మీసాలుంటాయి. తన కింద తానే సున్నపు గిన్నె కట్టుకుని అందులో కూర్చుంటుంది. దాని ఒంట్లో జూజాంథెల్లే అనే నాచు కణాలు కాపురముంటాయి. పగలంతా అవి ఎండను తిండిగా మార్చి పగడానికి పెడతాయి. పగడానికి అందే శక్తిలో సింహభాగం ఆ నాచుదే. రాత్రి పాలిప్ మీసాలు చాచి నీళ్లలో తేలివచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటుంది. బండల్లా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మల పగడాలకు కాస్త తొందరెక్కువ, పది సెంటీమీటర్ల దాకా వెళతాయి. పడవంత పగడపు బండ కనిపిస్తే అది మొదలైనప్పుడు మన తాతల తాతలు కూడా పుట్టలేదని అర్థం.

ఇంత పొడవున సముద్రమున్న ఆంధ్ర తీరంలో మరి పగడపు దిబ్బలు ఎందుకు లేవు? జవాబు మన నదుల్లోనే ఉంది. వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుని సాగిపోయే కృష్ణ, అటు గోదావరి, వేల ఏళ్లుగా ఒండ్రును మోసుకెళ్లి సముద్రంలో పోశాయి. ఆ ఒండ్రే డెల్టాలను కట్టింది, మనకు అన్నం పెట్టింది. పగడానికి మాత్రం అది పడదు. బురద కలిసిన నీళ్లలో ఎండ దిగదు, ఉప్పు పలచబడుతుంది. విశాఖ దగ్గర రాళ్లను అంటిపెట్టుకుని కొన్ని పగడాలు బతుకుతున్నాయి గానీ, దిబ్బలు చూడాలంటే మన్నార్ సింధుశాఖకు పోవాలి. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవుల చుట్టూ అవి పరుచుకుని ఉన్నాయి. 1986లో ఆ దీవులను సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. అంతకు ముందు, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు, అక్కడి పగడాన్ని సున్నం కోసం తవ్వుకుపోయారు. ఆ తవ్వకాల పుణ్యమా అని రెండు దీవులు నీట మునిగాయి. కొండంత సున్నపురాయి మీద కూర్చున్న మనకు ఆ మాట వింటే ఏదోలా ఉంటుంది.

దిబ్బకు గడ్డపార ఒక శత్రువైతే, పడవ దారి కోసం సముద్రపు అడుగును తవ్వే డ్రెడ్జర్ ఇంకో శత్రువు. ఓడ అడుగుకు లోతు కావాలి. పగడమేమో ఎండ కోసం పైపైనే పెరుగుతుంది. అక్కడ వస్తుంది తగవు. డ్రెడ్జర్ తల అడుగున తిరుగుతూ రాయిని నలగ్గొడుతుంది, గొట్టం దాన్ని నీళ్లతో సహా పైకి లాగుతుంది. దారిలో పడ్డ పగడం అక్కడికక్కడే పోతుంది. అది లెక్కకు అందే నష్టం, కాగితం మీద ఇన్ని ఎకరాలని రాసుకోవచ్చు. అసలు నష్టం తవ్విన చోట ఉండదు. పిండిలా నలిగిన సున్నం, ఎన్నాళ్లుగానో అడుగున పడున్న ఒండ్రు లేచి పాలలాంటి మబ్బై ప్రవాహం వెంట పోతాయి. డ్రెడ్జర్ వెళ్లిపోయాక కూడా గాలి గట్టిగా వీచిన ప్రతిసారీ ఆ పిండి మళ్లీ లేస్తుంది.

మన రైతుకు ఇది చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. నీళ్లు తగ్గిపోయాక పొలాల్లో మిగిలింది ఇసుక మేట. కింద నాటిన వరి తెగులుతో పోలేదు, పురుగుతో పోలేదు. కప్పబడిపోయి పోయింది. పగడం చావూ అచ్చం అలాంటిదే.

అయితే పగడం ఊరికే చావదు. మీదపడ్డ రేణువులను జిగురులో చుట్టి దొర్లించేస్తుంది, మీసాలతో నెట్టేస్తుంది. కానీ జిగురు చేయడానికి శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే నాచుకు ఎండ కావాలి. నీళ్లు మురికైతే ఆ ఎండే ఉండదు. రాబడి తగ్గిన రోజుల్లోనే ఖర్చు పెరుగుతుందన్నమాట. మేట మందమైతే కింద ఆక్సిజన్ అయిపోతుంది, కుళ్లబెట్టే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. సేంద్రియ పదార్థం కలిసిన మెత్తటి బురదైతే కొద్ది రోజుల్లోనే కండ ఊడి తెల్లని ఎముక మిగులుతుంది. పిల్లల సంగతి ఇంకా కష్టం. చాలా పగడాలు ఏడాదిలో కొద్ది రాత్రులు మాత్రమే, ఎక్కువగా పున్నమి దాటాక, ఒక్కుమ్మడిగా అండాలు వదులుతాయి. ఆ రాత్రుల్లో సముద్రం మీద గులాబీరంగు తెట్టు కడుతుంది. వాటినుంచి పుట్టిన పిల్ల గట్టి రాయి దొరికితేనే అతుక్కుంటుంది. బురద మీద నిలవలేదు.

అమెరికాలోని మయామి రేవును 2013, 2015 మధ్య పెద్ద ఓడల కోసం లోతు చేశారు. తవ్విన దారికి అర కిలోమీటరు లోపలే అయిదు లక్షలకు పైగా పగడాలు చనిపోయాయని 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. లేచిన మట్టి మబ్బు ప్రభావం 5 నుంచి 10 కిలోమీటర్ల దాకా వెళ్లి ఉండొచ్చని కూడా చెప్పింది. మన లక్షదీవుల్లో పెద్ద ఓడల ఊసు లేదు. మామూలు పడవలు లోపలికి రావడానికే పగడపు మడుగుల ముఖద్వారాలను తవ్వారు. అక్కడా మట్టి చేరి పగడాలు పోయాయి. ఇంకో సంగతి. దిబ్బ సగటున అల బలంలో 97 శాతాన్ని తీరానికి రాకముందే అణచేస్తుంది. దానికి గాడి కొడితే అల ఆ గాడిలోంచి నేరుగా ఒడ్డుకు వస్తుంది.

మన దేశంలో ఇలాంటి తవ్వకాల్లో అన్నిటికన్నా పెద్ద ఆలోచన సేతుసముద్రం, అంటే మనకూ శ్రీలంకకూ మధ్య సముద్రంలో ఓడల కాలువ. 167 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు. 2005 జూలై 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మదురైలో ప్రారంభించారు. తవ్వకంలోకి దిగిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మన విశాఖ కేంద్రంగా పనిచేసే సంస్థ. 2007లో సుప్రీంకోర్టు ఆడమ్స్ బ్రిడ్జి (రామసేతువు) దగ్గర తవ్వకాన్ని ఆపింది. ఆ కాలువ పూర్తి కాలేదు. 2023 జనవరిలో తమిళనాడు శాసనసభ దాన్ని మళ్లీ చేపట్టమని తీర్మానం చేసింది. దారి దీవులకు ఎడంగానే పోతుందని సమర్థించేవాళ్లు అంటారు, గీసిన పటంలో అది నిజమే. అయితే లేచిన మట్టి పటం చూసుకుని పోదు కదా! పైగా అక్కడి అలలు ఇసుకను నిత్యం కదుపుతుంటాయి. ఒకసారి తవ్వి వదిలేసే కాలువ కాదది, ఏటేటా పూడిక తీస్తూనే ఉండాలి. సేతువు ఎవరు కట్టారన్న వాదనల హోరులో ఈ మట్టి ప్రశ్న వెనకబడిపోయింది.

తవ్వక తప్పదనుకుంటే కొన్ని జాగ్రత్తలున్నాయి. పగడాలు అండాలు వదిలే రోజుల్లో పని ఆపడం, మట్టి వ్యాపించకుండా తెరలు కట్టడం, తవ్విన మట్టిని సముద్రంలో కాక ఒడ్డున పోయడం. ఆస్ట్రేలియా 2015లో గ్రేట్ బారియర్ రీఫ్ పార్కులో కొత్త తవ్వకాల మట్టిని పారబోయడాన్ని నిషేధించింది. వీటన్నిటికన్నా మేలైనది, దిబ్బలో సహజంగా ఉన్న సందును వాడుకోవడం, తక్కువ లోతులో పోయే పడవలు కట్టుకోవడం. దారికి తగ్గ పడవ కావాలి గానీ పడవ కోసం దిబ్బను బలిపెట్టకూడదని నా అభిప్రాయం.

మన ఊళ్ల నుంచి రామేశ్వరం యాత్రకు బస్సులు కట్టుకుని వెళుతుంటారు. అక్కడ ఎవరైనా తెల్లటి పగడపు కొమ్మ చూపించి చవగ్గా ఇస్తామంటే కొనకండి. 2001 నుంచి రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే.