జ్వరానికి యాంటీబయోటిక్ మీరే కొనేసుకుంటున్నారా? కడుపులో జరిగేది ఇదీ!

కాస్త ఒళ్లు వేడెక్కిందంటే చాలు.. చాలామంది నేరుగా వెళ్లేది మెడికల్ షాపుకే. "జ్వరం, గొంతునొప్పి.. ఏదైనా మంచి మాత్ర ఇవ్వండి" అని అడగ్గానే రెండు, మూడు రోజులకు సరిపడా యాంటీబయోటిక్ చేతికొచ్చేస్తుంది. జ్వరం తగ్గుతుంది. మాత్ర భలే పనిచేసిందని అనుకుంటాం. కానీ ఇలాంటి జ్వరాల్లో చాలావరకు వైరస్‌తో వచ్చేవే. వైరస్‌ మీద యాంటీబయోటిక్ అస్సలు పనిచేయదు. ఆ జ్వరం దానంతట అదే తగ్గింది. మరి వేసుకున్న మాత్ర ఏం చేసినట్టు? మనకు పనికొచ్చే బ్యాక్టీరియాను చంపింది. అది కూడా మన కడుపులోనే!

అసలు మైక్రోబయోమ్ అంటే ఏంటి?

మన చర్మం మీద, నోట్లో, పేగుల్లో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. వీటన్నింటినీ కలిపి మైక్రోబయోమ్ అంటారు. ఇందులో ఎక్కువ భాగం ఉండేది పెద్దపేగులోనే. ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా 10 రెట్లు ఎక్కువని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. అది తప్పని 2016లో శాస్త్రవేత్తలు మళ్లీ లెక్కగట్టి తేల్చారు. 70 కిలోల బరువున్న మనిషిలో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటే, బ్యాక్టీరియా 38 లక్షల కోట్ల దాకా ఉంటాయని అంచనా. అంటే దాదాపు సమానం అన్నమాట. వాటన్నింటి బరువు మాత్రం కలిపితే 200 గ్రాములే.

ఇవి ఊరికే కూర్చుని తినే బాపతు కాదు. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని ఇవి పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. విటమిన్ కె, కొన్ని బి విటమిన్లు కూడా ఇవి తయారుచేస్తాయి. రోగనిరోధక వ్యవస్థకు ఎవరు మనవాళ్లో, ఎవరు శత్రువులో నేర్పడంలోనూ వీటికి పాత్ర ఉంది.

అన్నింటికంటే పెద్ద పని ఇంకొకటుంది. సీట్లన్నీ నిండిన ఆర్టీసీ బస్సును ఊహించుకోండి. కొత్తగా ఎక్కినవాళ్లకు కూర్చునే చోటు దొరకదు కదా. మంచి బ్యాక్టీరియాతో నిండిన పేగులో కూడా అంతే. బయటి నుంచి వచ్చిన చెడ్డ బ్యాక్టీరియాకు చోటు దొరకదు, తిండి దొరకదు. దాంతో అది నిలదొక్కుకోలేదు.

యాంటీబయోటిక్ వేసుకుంటే ఏమవుతుంది?

ఏది మంచి బ్యాక్టీరియా, ఏది చెడ్డ బ్యాక్టీరియా అనేది మాత్రకు తెలియదు. దానికి లొంగే బ్యాక్టీరియా ఏదైనా చంపేస్తుంది. యాంటీబయోటిక్ మొదలుపెట్టాక చాలామందికి విరేచనాలు పట్టుకునేది ఇందుకే. సాధారణంగా అవి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. కానీ లోపల పూర్తిగా సర్దుకోవడానికి ఎంత టైమ్ పడుతుంది?

డెన్మార్క్‌ పరిశోధకులు దీన్నే పరిశీలించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులకు మూడు బలమైన యాంటీబయోటిక్స్ కలిపి 4 రోజుల పాటు ఇచ్చారు. ఆ తర్వాత 6 నెలల పాటు వాళ్ల పేగు బ్యాక్టీరియాను గమనించారు. నెలన్నర గడిచేసరికి చాలావరకు మామూలు స్థితికి వచ్చింది. కానీ 180 రోజులైనా, అంతకుముందు అందరిలోనూ ఉన్న 9 రకాల బ్యాక్టీరియా మాత్రం వాళ్లలో చాలామందిలో తిరిగి కనిపించలేదు. 2018లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. అవి ఆస్పత్రుల్లో వాడే గట్టి మందులు కాబట్టి మామూలు మాత్రలకూ అంతే నష్టం జరుగుతుందని చెప్పలేం. కానీ 4 రోజుల మందు ప్రభావం 6 నెలల తర్వాత కూడా కనిపించిందన్నది గమనించాల్సిన విషయం.

సీటు ఖాళీ అయితే ఎక్కేది ఎవరు?

మంచి బ్యాక్టీరియా తగ్గినప్పుడు ఆ ఖాళీలోకి వచ్చే వాటిలో బాగా ప్రమాదకరమైనది క్లాస్ట్రిడియోయిడెస్ డిఫిసిల్. డాక్టర్లు క్లుప్తంగా సీ డిఫ్ అంటారు. మామూలుగా పేగులోని బ్యాక్టీరియా పిత్తరసాన్ని మార్చి, ఇది పెరగకుండా అడ్డుకుంటుంది. ఆ కాపలా పోయిందంటే ఇది విజృంభించి విషాన్ని వదులుతుంది. నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం వస్తాయి. ముదిరితే ప్రాణాలే పోవచ్చు. ఎక్కువగా ఆస్పత్రుల్లో ఉండే పెద్ద వయసు వాళ్లకు దీని ముప్పు ఎక్కువ. 2011లో ఒక్క అమెరికాలోనే దాదాపు 4.5 లక్షల మందికి ఇది సోకిందని, వాళ్లలో సుమారు 29 వేల మంది 30 రోజుల్లోపే చనిపోయారని అంచనా.

దీనికి మళ్లీ యాంటీబయోటికే ఇవ్వాలి. కొందరికి తగ్గినట్టే తగ్గి పదే పదే తిరగబెడుతుంది. అలాంటి వాళ్ల కోసం నెదర్లాండ్స్‌ డాక్టర్లు చేసిన వైద్యం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆరోగ్యవంతుల మలాన్ని పరీక్షించి, శుద్ధమైన ద్రావణంలో కలిపి, ట్యూబు ద్వారా రోగి పేగులోకి ఎక్కించారు. అంటే పోయిన బ్యాక్టీరియాను మొత్తంగా తెచ్చి పెట్టడమే. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో నయమైంది నలుగురికే. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

ఆ తర్వాత 2022 నవంబర్‌లో, 2023 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి రెండు మందులకు అనుమతి ఇచ్చింది. రెండోది క్యాప్సూల్ రూపంలోనే వస్తుంది. అయితే ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు. దాత మలంలోని మందులకు లొంగని బ్యాక్టీరియా సోకి ఒక రోగి చనిపోవడంతో 2019లో ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా జారీ చేసింది.

మరి ప్రోబయోటిక్ వేసుకుంటే సరిపోతుందా?

యాంటీబయోటిక్‌తో పాటు ప్రోబయోటిక్ క్యాప్సూల్ వేసుకుంటే లెక్క సరిపోతుందని చాలామంది నమ్మకం. విషయం అంత సింపుల్ కాదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 21 మందికి యాంటీబయోటిక్ ఇచ్చి, తర్వాత మూడు గ్రూపులుగా విడదీశారు. ఒక గ్రూపుకు ఏమీ ఇవ్వలేదు. రెండో గ్రూపుకు 11 రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ ఇచ్చారు. మూడో గ్రూపుకు, మందు మొదలుపెట్టకముందు దాచిన వాళ్ల సొంత మలాన్నే తిరిగి ఎక్కించారు. అందరికంటే త్వరగా కోలుకున్నది మూడో గ్రూపు. అన్నింటికంటే ఆలస్యమైంది ప్రోబయోటిక్ వాడిన గ్రూపే! బయటి నుంచి వచ్చిన బ్యాక్టీరియా సీట్లు పట్టుకోవడంతో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం నెలల తరబడి వెనకబడింది.

అలాగని ప్రోబయోటిక్స్ అన్నీ దండగ అనుకోవద్దు. మన పక్క రాష్ట్రం ఒడిశాలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. అక్కడి గ్రామాల్లో 4,500 మందికి పైగా నవజాత శిశువులతో పెద్ద ట్రయల్ జరిగింది. సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి 7 రోజులు ఇచ్చారు. మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. 60 రోజుల్లో సెప్సిస్ లేదా మరణం సంభవించింది ఉత్తుత్తి మందు గ్రూపులో 9 శాతం కాగా, ప్రోబయోటిక్ గ్రూపులో 5.4 శాతమే. అంటే 40 శాతం తగ్గుదల. 2017లో 'నేచర్' పత్రికలో ఇది ప్రచురితమైంది. దీన్నిబట్టి అర్థమయ్యేది ఒకటే. ఏ రకం బ్యాక్టీరియా, ఎవరికి, ఏ సమస్యకు అన్నదే అసలు ప్రశ్న. షాపులో దొరికే ప్రతి సాచెట్‌కూ ఈ ఫలితం వర్తించదు. పసిపిల్లలకైతే డాక్టర్ చెప్పకుండా అస్సలు ఇవ్వకూడదు.

మన వంటింట్లో ఏముంది?

పేగులోని బ్యాక్టీరియాకు కావాల్సింది పీచు. జొన్నలు, రాగులు, కందిపప్పు, పెసలు, శనగలు, ఆకుకూరలు, చిక్కుడు, గోరుచిక్కుడు, జామకాయ.. ఇవన్నీ వాటికి విందు భోజనమే. పాలిష్ బియ్యం తెల్లన్నంలో పీచు చాలా తక్కువ. ప్లేటులో అన్నం కాస్త తగ్గించి కూర, పప్పు పెంచినా మంచిదే.

పెరుగు, మజ్జిగ, పులిసిన అంబలి, చద్దన్నంలో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. ఇడ్లీ పిండి పొంగేది కూడా బ్యాక్టీరియా వల్లే. కాకపోతే ఆవిరి మీద ఉడికాక అది బతకదు. పెరుగులోని బ్యాక్టీరియా కూడా ఎక్కువగా పేగులో స్థిరపడదు, దాటిపోతుంది. అందుకే పెరుగు మంచి ఆహారమే తప్ప యాంటీబయోటిక్ నష్టానికి విరుగుడు మందు కాదు.

ఇక ఊబకాయం, డిప్రెషన్, షుగర్.. అన్నింటికీ మైక్రోబయోమే కారణమంటూ సోషల్ మీడియాలో వీడియోలు తిరుగుతున్నాయి. సంబంధం కనిపించిన మాట నిజమే. కానీ గట్టి రుజువుల్లో చాలావరకు ఎలుకల మీద చేసిన పరిశోధనలవే. ఆ మాట చెప్పి ఏదైనా అమ్మజూపితే కాస్త ఆగి ఆలోచించండి.

ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి

- మాత్రల స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే, అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందు. దీనిపై కేంద్రం 2016లోనే ప్రచారం మొదలుపెట్టింది.
- జలుబు, ఫ్లూ, డెంగీ.. ఇవన్నీ వైరస్‌తో వచ్చేవే. వీటికి యాంటీబయోటిక్ పనిచేయదు.
- "డాక్టర్ గారూ, ఇది బ్యాక్టీరియానా? వైరసా? యాంటీబయోటిక్ తప్పనిసరా?" అని అడగండి. అందులో తప్పేమీ లేదు.
- కిందటిసారి మిగిలిన మాత్రలు వేసుకోవద్దు. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనొద్దు.
- యాంటీబయోటిక్ వాడుతున్నప్పుడు, ఆపిన కొన్ని వారాల్లో నీళ్ల విరేచనాలు ఆగకుండా అవుతుంటే వెంటనే డాక్టర్‌ను కలవండి.

అలాగని యాంటీబయోటిక్ అంటేనే భయపడాల్సిన పని లేదు. టైఫాయిడ్, బ్యాక్టీరియాతో వచ్చే న్యుమోనియా, సెప్సిస్ లాంటి వాటిలో ప్రాణం నిలబెట్టేది అదే. డాక్టర్ రాసిన మందును భయపడి మధ్యలో మీ అంతట మీరే ఆపేయొద్దు. అవసరం ఉన్నప్పుడు వేసుకుంటే అది ప్రాణదాత. అవసరం లేనప్పుడు వేసుకుంటే జ్వరానికి ఏమీ కాదు.. దెబ్బ తగిలేది మన పేగులకే.