దమ్ముకు దిగేముందు డీజిల్ ఫిల్టరు చూసుకోండి

తొలకరి పడింది. కాలవకు నీరొచ్చింది. నారుమడి ముదురుతోంది. సరిగ్గా దమ్ము మధ్యలో ట్రాక్టరు మొరాయించింది. గట్టు మీద బాగానే తిరిగిన ఇంజను చేలోకి దిగి లోడు పడేసరికి ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోతోంది. పది నిమిషాలు ఆగి స్టార్టు చేస్తే మళ్లీ అందుకుంటుంది. రెండు చుట్లు తిరిగాక మళ్లీ అదే వరస. ‘పంపు పోయింది, విప్పాలి’ అంటాడొకడు. ‘నాజిళ్లు పోయాయి’ అంటాడు మరొకడు. పంపు విప్పితే పట్నం తీసుకెళ్లాలి, వేలల్లో వదులుతుంది. ఈలోగా నారు ముదిరిపోతుంది.

రైతు సోదరులారా! పంపు మీద చెయ్యి వేసేముందు ఒక్కసారి డీజిల్ ఫిల్టరు విప్పి చూడండి. పాత బండి చేతులు మారి మీ దగ్గరకు వచ్చి ఉంటే అది ఎప్పుడు మార్చారో అమ్మినవాడికీ తెలియకపోవచ్చు. ఇంజనాయిలు మార్చడం అందరికీ గుర్తుంటుంది. ఫిల్టరు మాత్రం బండి ఆగేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

ఫిల్టరు చేసే పని

ట్యాంకులోంచి వచ్చే డీజిల్‌లో దుమ్ము, తుప్పు, నీరు ఉంటాయి. పంపులో డీజిల్‌ను తోసే కడ్డీకి, అది ఆడే గొట్టానికి మధ్య ఉండే సందు చాలా సన్నం. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలంత. కంటికి కనిపించని ఇసుక నలుసు కూడా అక్కడ గీత పెడుతుంది. నీరు చేరితే తుప్పు పడుతుంది. ఒకసారి గీత పడ్డాక బాగుచేయడానికి లేదు, మార్చుకోవడమే.

అందుకే చాలా ట్రాక్టర్లకు రెండు ఫిల్టర్లు పక్కపక్కన ఉంటాయి. మొదటిది ముతక మురికిని, రెండోది సన్నని మురికిని ఆపుతుంది. ఇవి పూడుకుపోతే డీజిల్ సన్నగా దిగుతుంది. ఖాళీగా తిరిగే ఇంజనుకు అది సరిపోతుంది, దమ్ములో సరిపోదు. రోగమంతా ఇదే.

గుర్తుపట్టడమెలా?

లోడు మీద బలం తగ్గి, పొగ పెద్దగా లేకుండా ఆగిపోతుంటే డీజిల్ అందడం లేదని అనుమానించాలి. నల్లటి పొగ దట్టంగా వస్తుంటే ముందు గాలి ఫిల్టరు చూడండి. ట్యాంకు మూతకున్న చిన్న రంధ్రం మట్టితో పూడినా ఇంజను ఇలాగే ఆగుతుంది. మూత వదులు చేయగానే బండి అందుకుంటే తప్పు మూతదే. రంధ్రం శుభ్రం చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

మార్చే పద్ధతి

బండిని చదునైన చోట ఆపి ఇంజను చల్లారనివ్వండి. దగ్గర్లో బీడీ, చుట్ట కాల్చవద్దు. ట్యాంకు కింద కొళాయి కట్టేయండి. విప్పకముందే ఫిల్టరు గిన్నెల చుట్టూ బ్రష్షుతో, డీజిల్‌తో కడగండి. పైనున్న మట్టి లోపల పడితే మార్చిన ఫలం దక్కదు.

అడుగు నట్టు తీసి అందులోని డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టండి. కాసేపు కదపకుండా ఉంచితే నీరు అడుగున విడిగా తేరుకుంటుంది. నీరు ఎక్కువుంటే ట్యాంకు అడుగు కూడా శుభ్రం చేయించాలి.

తర్వాత పైబోల్టు పానాతో వదులు చేస్తే గిన్నె కిందికి దిగుతుంది. ఏది మొదటిది, ఏది రెండోది అన్నది గుర్తు పెట్టుకోండి. గిన్నెలను శుభ్రమైన డీజిల్‌తో కడగండి. నూలు పోగులు ఊడే గుడ్డతో తుడవవద్దు. కొత్త ఫిల్టరుతోపాటు వచ్చిన రబ్బరు రింగులనే వేయండి. పాత రింగు వేస్తే అక్కడ గాలి లాగుతుంది. బోల్టు బిగుతుగా ఉంటే చాలు, బలమంతా పెట్టి తిప్పితే మర పోతుంది.

కాగితపు ఫిల్టరును కడిగి, గాలి కొట్టి మళ్లీ వేయడం చాలామందికి అలవాటు. అలా చేస్తే కాగితం చిరిగి మురికి నేరుగా పంపులోకి పోతుంది. కొందరు మరీ తెగించి ఫిల్టరు తీసేసి ఉత్త గిన్నె బిగిస్తారు. బండి హుషారుగా నడుస్తుంది, నిజమే. కానీ పంపుకు ఆ రోజు నుంచే చేటు మొదలైనట్టు.

గాలి తీయడం మరవద్దు

కొళాయి తెరిచి, ఫిల్టరు పైనున్న గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టండి. మొదట నురగ, బుడగలు వస్తాయి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వస్తున్నప్పుడే స్క్రూ బిగించాలి. మొదటి ఫిల్టరు, రెండో ఫిల్టరు, తర్వాత పంపు... ఈ వరసలోనే తీయాలి. స్టార్టు చేశాక ఎక్కడైనా కారుతోందేమో చూడండి. అయితే ఇంజను తిరిగేటప్పుడు నాజిల్ పైపుల దగ్గర చెయ్యి పెట్టి చూడవద్దు. అక్కడి ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నీళ్లు తోడే ఆయిలింజన్లకూ ఫిల్టరు ఉంటుంది, చిన్నది. దానికీ ఇదే జాగ్రత్త. కానీ కొత్త రకం బండ్ల సంగతి వేరు. 2023 నుంచి 50 హెచ్.పి. దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. కంప్యూటరుతో నడిచే డీజిల్ పంపులున్న ఇలాంటి బండ్లను ఇంటి దగ్గర విప్పకుండా షెడ్డుకే తీసుకెళ్లండి.

ఎప్పుడు మార్చాలి?

ఎన్ని గంటలకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోయినా, గంటల మీటరు పనిచేయకపోయినా ఏటా తొలకరికి ముందు రెండూ మార్చేయడం మేలు. మార్చిన తేదీని మడ్‌గార్డు లోపలివైపు పెయింటుతో రాసుకోండి. డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిల్‌ను అడుగంటా తోడవద్దు, సన్నని జాలీ ఉన్న గరాటుతో పోయండి. సాయంత్రం పని కాగానే ట్యాంకు నింపి పెడితే రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. తీసిన పాత డీజిల్‌ను కాలవగట్టున పారబోయవద్దు.

సొంత ట్రాక్టరు లేదు, మాకెందుకీ గొడవ అనుకోకండి. కిరాయి గంటల లెక్కన ఇచ్చేది మీరే. గంటన్నరలో అయ్యే దమ్ము రెండున్నర గంటలు పడితే ఆ అదనపు గంట మీ జేబులోంచే పోతుంది. బండి మాట్లాడుకునేటప్పుడే ‘ఫిల్టరు ఎప్పుడు మార్చావు బాబూ?’ అని అడగండి. తడుముకుంటే ఇంకో బండి చూసుకోండి.

జత ఫిల్టర్ల ఖరీదు వందల్లో, పంపు మరమ్మతు వేలల్లో. అదును దాటితే నష్టం ఏడాది పొడుగునా. ఏరువాకకు ముందే ఒక పూట కేటాయించండి.