పరిశోధకుని రచనల పట్టికను ఎలా చదవాలి?

అచ్యుతాపురం ఆర్థిక మండలిలోని కర్మాగారాల్లో పనిచేసే తండ్రుల పిల్లలు నేడు ఇంజనీరింగు ముగించి పీహెచ్.డీ. వైపు చూస్తున్నారు. సంతోషించదగిన విషయమే. అయితే గైడును ఎన్నుకునే వేళ ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఆయనవి ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి? ఈ ప్రశ్న చాలదని మేము భావిస్తున్నాము. ఎందుకు చాలదో కంప్యూటరు శాస్త్రంలోని ఒక పట్టిక ద్వారా చూద్దాం.

మద్రాసు ఐఐటీలో ఆచార్యులుగా బోధించిన సి. శివరామమూర్తి 1982లో వరంగల్లు రీజనల్ ఇంజనీరింగు కళాశాలలో బి.టెక్., 1984లో ఖరగ్‌పూరు ఐఐటీలో ఎం.టెక్., 1988లో బెంగుళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్.డీ. పూర్తిచేశారు. అదే ఏడాది మద్రాసు ఐఐటీలో అధ్యాపకులుగా చేరారు. ఆయన ప్రధాన పరిశోధనాంశాలు సమాంతర గణన, వనరుల నిర్వహణ.

ఈ మాటలకు బెదరనక్కర లేదు. వలీమా విందును ఊహించండి. పదిమంది కూర్చుంటే ఉల్లిపాయలు తరగడం పదోవంతు సమయంలో ముగుస్తుంది. కాని బిర్యానీ దమ్ముకు పెట్టాక వందమంది వచ్చినా ఆ సమయం తగ్గదు. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పినది ఇదే: పనిలో పదోవంతు విభజనకు లొంగనిదైతే, ఎన్ని ప్రాసెసర్లు చేర్చినా వేగం పది రెట్లు మించదు. ఇక పొయ్యి ఒక్కటే, డేగిసాలు ఐదు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువు ఉన్నాయనుకోండి. ఏది ముందు ఎక్కించాలి? అవసరమైతే మధ్యలో దించి మరొకటి ఎక్కించే వీలున్నచోట, గడువు దగ్గరపడిన దానికే ఎప్పుడూ ముందు చోటివ్వాలని లియు, లేలాండ్ 1973లో నిరూపించారు. పొయ్యిలు పెరిగినా, మధ్యలో ఒకటి ఆరిపోయినా ఆ తేలిక నియమం సరిపోదు. శివరామమూర్తి, ఆయన శిష్యుడు జి. మణిమారన్ 1998లో ప్రచురించిన పత్రాలు ఇటువంటి చిక్కులకే అల్గారిథంలను ప్రతిపాదించాయి. (ఆ పదానికి మూలం అల్-ఖ్వారిజ్మీ పేరేనని మనవారు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడితో ఆగిపోవడమే మాకు బాధ.)

ఇటువంటి వ్యవస్థల్లో ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు తప్పుడు జవాబుతో సమానం. 2024 ఆగస్టు 21న ఇక్కడి ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొన్న తర్వాత, సకాలంలో అందే హెచ్చరిక విలువ ఏమిటో మా ప్రాంతంవారికి ఎవరూ వివరించనక్కర లేదు.

ఇప్పుడు గ్రంథాలను చూడండి. 2000లో వి. రాజారామన్‌తో కలిసి సమాంతర కంప్యూటర్లపై పాఠ్యగ్రంథం వచ్చింది. రాజారామన్ మన దేశంలో కంప్యూటరు విద్యకు పునాది వేసినవారిలో ఒకరు. 2001లో మణిమారన్‌తో వనరుల నిర్వహణపై రాసిన గ్రంథాన్ని అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రెస్ ప్రచురించింది. 2002లో మోహన్ గురుస్వామితో కాంతి తంతువుల నెట్‌వర్కులపై, 2004లో బి.ఎస్. మనోజ్‌తో వైర్‌లెస్ నెట్‌వర్కులపై గ్రంథాలు వెలువడ్డాయి. ఈ ముగ్గురూ ఆయన వద్ద చదివినవారే. తర్వాత ముగ్గురూ ఆచార్యులయ్యారు. విషయం ప్రాసెసర్ల నుండి కాంతి తంతువులకు, అక్కడి నుండి వైర్‌లెస్‌కు మారినా ప్రశ్న మాత్రం మారలేదు: వనరు కొంచెం, అడిగేవారు అనేకులు, ఎవరికి ముందు ఇవ్వాలి? పైన ఒక పెద్ద, కింద శిష్యులు, నడుమ తెగని ఒక ప్రశ్న. సనదును పరిశీలించడం నేర్చిన హదీసు విద్యార్థికి ఈ చూపు కొత్తది కాదు.

సంఖ్య మాటకొస్తే, దానిని కొనవచ్చు. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ, సరైన సమీక్ష జరపకుండానే జరిపినట్లు చెప్పి, రుసుములు దాచి పరిశోధకులను మోసగించిందని అమెరికా ఫెడరల్ కోర్టు నిర్ధారించింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో ఆదేశించింది.

పేపరు అచ్చుకు డబ్బు కట్టాలని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే తొందరపడకండి. మంచి పత్రికల్లోనూ కొన్ని రుసుము తీసుకుంటాయి. కాని అవి ముందే ఆ మొత్తాన్ని ప్రకటిస్తాయి, నిపుణుల సమీక్షలో నెగ్గిన పత్రాన్నే అంగీకరిస్తాయి. మూడు రోజుల్లో అచ్చు అన్నచోట సమీక్ష జరగదు. పైగా పీహెచ్.డీ. సమర్పణకు ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022 నవంబరులో తొలగించింది. విశ్వవిద్యాలయాలు సొంతంగా ఆ షరతు పెట్టుకోవచ్చు కాబట్టి, ప్రవేశానికి ముందే వాటి నియమావళిని అడిగి తీసుకోండి. గైడును కలిసినప్పుడు, ఆయన వద్ద ఇదివరకు పీహెచ్.డీ. చేసినవారు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో కూడా అడగండి.