దృష్టిని కొలుచు విద్య

ఏటేట పదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట విద్యార్థులు మాకడకు వచ్చి “మాస్టారూ, ఇకమీద నేమి చదువవలెను?” అని యడుగుట పరిపాటి. వారి నోట వినవచ్చునవి రెండే మాటలు: డాక్టరు, ఇంజనీరు. ఆ రెండును దొరకవేమో యను బెంగతోనే పెక్కుమంది బడి విడిచి పోవుచున్నారు. గౌరవప్రదములైన వృత్తు లింకను అనేకములు కలవు. అందొకదానిని గూర్చి యీ వ్యాసమున వివరింప దలచితిమి. అది ఆప్టోమెట్రీ, అనగా దృష్టిని కొలుచు శాస్త్రము.

ముందుగా మా తప్పిద మొకటి చెప్పుకొనవలెను. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రదేశమున. ఈ గంజాము సీమకు వచ్చిన కొత్తలో మా తరగతిలో వెనుకబల్లపై కూర్చుండు బాలు డొకడు నల్లబల్లపై వ్రాసినదానిని ఎప్పుడును తప్పులతోనే యెత్తి వ్రాయుచుండెను. ‘ద’, ‘ధ’, ‘థ’లకు భేదమే యుండదు, ఒత్తులు సగము విడిచిపెట్టును. ఒడియా మాటల నడుమ పెరిగినవా డగుటచే తెలుగు లిపి పట్టుపడలేదని మేము తలచితిమి. శ్రద్ధ లేదని పలుమారులు మందలించితిమి. మరుసటి యేడు బడిలో కన్నుల పరీక్ష జరిగినది. వానికి రెండు కన్నులకును మైనస్ మూడు అద్దములు కావలసివచ్చెను. కళ్లజోడు వచ్చిన నెలలోనే ఒత్తులు చక్కబడినవి. లోపము వాని బుద్ధిలో లేదు, భాషలోను లేదు, కంటిలో నున్నది. దినదినమును వానిని చూచుచుండిన మేము దానిని కనిపెట్టలేకపోతిమి. పావుగంటలో కనిపెట్టినవారు ఆప్టోమెట్రీ చదివిన యొక యువతి.

మైనస్ మూడు అనగా నేమి? కంటిలోనికి వచ్చు కాంతికిరణములను ముందున్న కార్నియాయు, లోపలి కటకమును వంచి వెనుకనున్న రెటీనాపై బింబము నేర్పరచును. బింబము రెటీనాకు ముందే యేర్పడినచో హ్రస్వదృష్టి. దానికి పుటాకార కటకము వాడుదురు. వెనుక నేర్పడునదైనచో దీర్ఘదృష్టి; దానికి కుంభాకార కటకము. కార్నియా వంపు అన్ని దిక్కుల సమముగా లేనిచో స్తూపాకార కటకము కావలెను. నలుబది యేండ్లు దాటినవారికి లోపలి కటకము బిగిసి, దగ్గరి యక్షరములు మసకబారును, అది చత్వారము. ఈ వ్యాసమును మేమును కళ్లజోడు పెట్టుకొనియే వ్రాయుచున్నాము. కటక సామర్థ్యమును డయాప్టర్లలో కొలుతురు. మీటర్లలో నాభ్యంతరమునకు విలోమమే డయాప్టరు. మైనస్ మూడు గల కంటికి మీటరులో మూడవవంతు, అనగా సుమారు 33 సెంటీమీటర్లకు ఆవల నున్నదంతయు మసకయే. నల్లబల్ల దాని కెంత దూరమో మీరే లెక్కింపుడు.

కొలుచు విధానము విందురు గాక. 1862లో హాలెండు దేశపు వైద్యుడు స్నెల్లెన్ అక్షరముల పటమును రూపొందించెను. దానిని 6 మీటర్ల దూరమున నుంచి చదివింతురు. 6/12 అనగా, మంచి కన్ను 12 మీటర్ల నుండి చదువగల వరుసను ఈ కన్ను 6 మీటర్లకు వచ్చినగాని చదువలేదని యర్థము. చదువు రానివారికి నాలుగు దిక్కులకు తిరిగిన ఇంగ్లీషు ‘ఈ’ గుర్తులను చూపి, దాని కొమ్మలు ఎటున్నవో చేతితో చూపుమందురు. పిదప రెటినోస్కోపు అను పరికరముతో కంటిలోనికి వెలుగు పంపి, తిరిగివచ్చు వెలుగు కదలికను బట్టి లోపమును అంచనా వేయుదురు. మాటలురాని పసిపిల్లలకు సయితము ఇట్లు పరీక్ష చేయవచ్చును. కడపట అద్దములు మార్చి మార్చి “ఇది బాగున్నదా, అది బాగున్నదా?” అని యడిగి నిర్ణయింతురు.

ఆప్టోమెట్రిస్టు శస్త్రచికిత్స చేయడు. అది కంటి డాక్టరు పని. కళ్లజోళ్ల దుకాణదారుడును కాడు. దృష్టిని కొలుచుట, తగిన అద్దములు నిర్ణయించుట, శుక్లములు, నీటికాసులు, మధుమేహముచే కలుగు రెటీనా వ్యాధి మొదలగువాని జాడ కనిపెట్టి సకాలమున డాక్టరుకడకు పంపుట అతని ధర్మములు.

ఈ విద్యకు ఇంటర్మీడియేటు లేక ప్లస్ టూలో భౌతిక, రసాయన శాస్త్రములతో జీవశాస్త్రముగాని గణితముగాని చదివి యుండవలెను. నియమము కళాశాలను బట్టి మారును. పెక్కు విశ్వవిద్యాలయములలో పట్టము నాలుగేండ్లు. అందొక యేడు ఆస్పత్రిలో రోగులకడనే శిక్షణ. చెన్నపట్టణమున శంకర నేత్రాలయమువారి ఎలీట్ స్కూల్ 1985లోనే ప్రారంభమైనది. హైదరాబాదున డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థయు ఈ విద్యను నేర్పుచున్నది. ఆ సంస్థకు 2006 నుండి భువనేశ్వరమునను విశాఖపట్టణమునను ఆస్పత్రులు కలవు. మన బరంపురము ఆ రెంటి నడుమనే యున్నది. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఈ వృత్తిని ఆరోగ్యవృత్తులలో నొకటిగా గుర్తించినది.

పట్టము పొందినవారు ఆస్పత్రులలోను, కళ్లద్దముల సంస్థలలోను, బోధనలోను, పరిశోధనలోను ప్రవేశింపవచ్చును. మొదట జీతము కొంచెమే యుండవచ్చును. దానిని దాచుట మాకిష్టము లేదు. కళాశాల నెన్నుకొనునపుడు దానికి కంటి ఆస్పత్రి యున్నదా, రోగులు వత్తురా యని తప్పక విచారింపుడు. రోగులు లేనిచోట ఈ విద్య నేర్చుట నీరులేని చెరువున ఈత నేర్చుట వంటిది.

“మేము తెలుగులో చదివినవారము, అచట అంతయు ఇంగ్లీషు గదా” యని మీరు జంకుదురు. మొదటి యేడు కష్టమే. కాని కటకము, నాభ్యంతరము మీరెరిగినవే. పేర్లు మాత్రమే మారును. మరియొక మాట. “ఇది బాగున్నదా, అది బాగున్నదా?” అను ప్రశ్న రోగికి తెలియని భాషలో నడిగినచో వచ్చు సమాధానము నమ్మదగినది కాదు, అద్దము తప్పును. ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాటలాడు మీరు ఇరువురు అవ్వలను వారి వారి మాటలలోనే యడుగగలరు. మన లోటని తలచుచున్నదే అచట మన బలము.

ఈ వృత్తి నెన్నుకొనకున్నను ఒక పని మాత్రము నేడే చేయుడు. వెనుకబల్లపై కూర్చుండి, ఒక్కొక్క కన్ను మూసికొని నల్లబల్ల చదువుడు. మసకగా నున్నచో సిగ్గుపడక మాతో చెప్పుడు. ఈమారు మేము మందలింపము.