నోటికి తోడుండే దేవుడు

నత్తి ఉన్న పిల్లవాడికి హైస్కూల్లో హాజరు పిలుపే పెద్ద పరీక్ష. 'ప్రెజెంట్ సార్' అనేలోగా వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. జవాబు తెలిసినా చెయ్యెత్తడు. సండే స్కూల్లో కంఠస్థ వాక్యం వచ్చినా లేచి నిలబడడు. పాలమూరు కోస్గి అయినా, పట్నమైనా ఈ బాధ ఒక్కటే.

నత్తి శాపం కాదు, తెలివితక్కువతనమూ కాదు. మాటను నడిపించే మెదడు పనితీరులోని తేడా అది. వస పోసినంత మాత్రాన పోదు. సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల స్పీచ్ థెరపీ ఉంది. తల్లిదండ్రులు సిగ్గుపడకుండా తీసుకెళ్లాలి.

తన నోరు తిరగదని మోషే కూడా దేవునితో మొరపెట్టుకున్నాడు (నిర్గమ 4:10). దేవుడు ఆ నాలుకను మారుస్తాననలేదు. నోటికి తోడుంటానన్నాడు, అన్న అహరోనును పక్కన నిలిపాడు. అదే మోషే చివరికి ఇశ్రాయేలీయులందరి ముందు చేసిన ప్రసంగాలతోనే ద్వితీయోపదేశకాండం నిండి ఉంది.

మన సంఘంలో అలాంటి బిడ్డ వాక్యం చెప్పడానికి లేచినప్పుడు మధ్యలో మాట అందించకుండా, ముగించేదాకా ఆగుదాం. నవ్వేవారిని వారిద్దాం. మనం ఓపికగా వినే ఆ నిమిషమే ఆ బిడ్డకు అహరోను తోడు.