పండుగ బట్టలు వద్దని ఏడ్చిన బాబు



గత రంజాన్ పండుగకు మన సంఘం తరఫున పిల్లలకు కొత్త బట్టలు పంచాము. ఏడేళ్ల బాబు ఒకడు కుర్తా తొడగగానే కెవ్వున ఏడ్చి విప్పి పారేశాడు. "ఇచ్చినదాని విలువ తెలియదు" అని చుట్టూ ఉన్నవారు అన్నారు. తల్లి సిగ్గుతో వాడికి ఒక దెబ్బ వేసి తీసుకువెళ్లిపోయింది. మేము ఆమెను ఆపలేదు.

తరువాత వారి ఇంటికి వెళ్లినప్పుడు అసలు సంగతి తెలిసింది. మెడ దగ్గరి జరీ కుట్టు, లోపలి లేబులు వాడికి ముళ్లలా గుచ్చుకుంటాయి. కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందకు దూరతాడు. తెల్లన్నం, పెరుగు తప్ప ఏదీ తినడు. మొండివాడని బడి నుంచి రెండుసార్లు ఇంటికి పంపేశారు. ఆ తల్లికి మేము బాకీపడిన క్షమాపణ ఈ వ్యాసం.

ఏమిటీ ఇబ్బంది?

మనకు పంచేంద్రియాలు తెలుసు. వీటికి తోడు మరో మూడు ఉన్నాయి. లోపలి చెవి మన తూకాన్ని, కదలికను చెబుతుంది. కండరాలు, కీళ్లు మన చేయి, కాలు ఎక్కడ ఉన్నాయో చెబుతాయి. ఆకలి, దాహం, మూత్రం వంటి లోపలి సంగతులు తెలిపే ఇంద్రియం మరొకటి. వీటన్నిటి నుంచి వచ్చే కబుర్లలో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు క్షణక్షణం తేల్చుకుంటుంది. కొందరు పిల్లల్లో ఈ పని సాఫీగా సాగదు. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ జీన్ ఎయిర్స్ ఈ విషయంపై 1972లో పుస్తకం రాశారు. అప్పటి నుంచి దీని మీద పరిశీలన సాగుతూనే ఉంది.

ఈ పిల్లలు మూడు రకాలుగా కనిపిస్తారు. కొందరికి చిన్న శబ్దం, తాకిడి, వాసన కూడా భరించలేనంతగా తోస్తుంది. కొందరికి పిలిచినా వినబడనట్టు, దెబ్బ తగిలినా నొప్పి లేనట్టు ఉంటుంది. మరికొందరు ఎప్పుడూ గంతులు వేస్తూ, గోడలకు గుద్దుకుంటూ, దొరికినదల్లా నములుతూ ఉంటారు. ఒకే బిడ్డలో రెండు మూడు రకాలూ ఉండవచ్చు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దీన్ని విడిగా ఒక జబ్బుగా లెక్కించాలా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అయితే ఆటిజం గుర్తింపు లక్షణాల్లో దీన్ని 2013లో చేర్చారు. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో, నెలలు నిండకుండా పుట్టినవారిలో కూడా ఇది కనిపిస్తుంది. ఏ పేరూ లేకుండా ఈ ఇబ్బంది ఒక్కటే ఉన్న పిల్లలూ ఉన్నారు. పేరు ఏదైనా బిడ్డ బాధ నిజమైనదే.

ఇంట్లో

లేబుళ్లు కత్తిరించండి. కొత్త బట్టలను నాలుగైదుసార్లు ఉతికి మెత్తబడ్డాక తొడగండి. మిక్సీ వేసే ముందు, తలకు నూనె రాసే ముందు చెప్పి చేయండి. కొత్త కూరను నోట్లో కుక్కవద్దు. పళ్లెం పక్కన కొంచెం పెట్టి, చూడనివ్వండి, తాకనివ్వండి. తినడానికి వారాలు పట్టవచ్చు.

బలంగా తోయడం, మోయడం, పిసకడం చాలామంది పిల్లలకు ఊరటనిస్తాయి. నీళ్ల బకెట్ మోయించండి, చపాతీ పిండి పిసికించండి, పరుపు చుట్టించండి. వీటికి ఖర్చేమీ లేదు. పెళ్లిళ్లలో బ్యాండు, జనం, అత్తరు వాసన అన్నీ ఒకేసారి మీద పడతాయి. అక్కడ బిడ్డ చెవులు మూసుకుంటే నవ్వకండి. కాసేపు బయట తిప్పి తీసుకురండి. దాదీ, నానీలకు కూడా ఈ సంగతి వివరించాలి. "మా కాలంలో రెండు దెబ్బలతో దారికి వచ్చేవారు" అనే మాట ఈ పిల్లల విషయంలో పనికిరాదు. భయంతో బిడ్డ నోరు మూసుకోవచ్చు గాని బాధ అలాగే ఉంటుంది.

బడిలో

తలుపుకు, కిటికీకి, చప్పుడు చేసే ఫ్యానుకు దూరంగా, టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టాలి. బోర్డు తుడవడం, పుస్తకాలు మోయడం వంటి పనులు మధ్యమధ్య ఇవ్వాలి. శిక్షగా ఆటల పీరియడ్ మాన్పించడం వీరికి అన్నిటికంటే నష్టం. వార్షికోత్సవం రిహార్సల్స్ నాడు నిశ్శబ్దంగా కూర్చునే ఒక మూల ఉంటే చాలు. బూట్లు భరించలేని బిడ్డకు చెప్పులు అనుమతించవచ్చు.

ఎవరిని కలవాలి?

ముందు పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి, చూపు పరీక్షలు చేయించాలి. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలున్నాయి. జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలు, బడి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం గలవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. అది నిర్ధారణ అయితే సర్టిఫికెట్ తీసుకోవడం మరువవద్దు.

దాతలకు మా మనవి

రంగు దీపాల ఖరీదైన గది కట్టిద్దామని కొందరు పెద్దలు సూచించారు. వారి మనసుకు కృతజ్ఞతలు. కానీ ఉచిత చికిత్స ఉన్నా వెళ్లలేకపోతున్న తల్లులే మాకు ఎక్కువగా కనిపించారు. బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి, ఇంట్లో మిగతా పిల్లలను చూసే మనిషి లేకపోవడం, ఇవే అడ్డంకులు. అందుకే మీ విరాళాన్ని ముందుగా ప్రయాణానికి, కూలి నష్టానికి, మన చుట్టుపక్కల బడుల టీచర్ల శిక్షణకు ఖర్చు చేయదలచాము. వచ్చే పండుగకు బట్టలు కొనే ముందు తల్లులను అడుగుతాము.

బక్రీద్ నాడు ఆ బాబు తన అబ్బాతో ఈద్గాకు వచ్చాడు. ఒంటిమీద ఉతికి మెత్తబడ్డ పాత కుర్తా ఉంది. మైకుకు దూరంగా, చివరి వరుసలో నిలబడ్డాడు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. అలాంటి పిల్లవాడు మీ వీధిలోనూ ఉండవచ్చు. ఆ తల్లిని పలకరించండి, మా దగ్గరకు పంపండి.